కుకౌట్లు, వనభోజనాల్లో కాంటాక్ట్ లెన్సులు: అమెరికాకు కొత్తగా వచ్చినవారికి

మే నెలాఖరున మెమోరియల్ డే సెలవు వచ్చిందంటే ఇక్కడ పార్కుల్లో కుకౌట్ల (ఆరుబయట వంటల) గ్రిల్లులు వెలుగుతాయి, తెలుగు సంఘాల వేసవి పిక్నిక్‌లు మొదలవుతాయి. లెన్సులు పెట్టుకునే కొత్తవాళ్లు అప్పుడు తరచుగా అడిగేది ఒకటే: నిప్పుల దగ్గర నిలబడితే ఆ వేడికి లెన్సు కంటికి అతుక్కుపోతుందట, నిజమేనా అని. నిజం కాదు. వెల్డింగ్ చేసే మనిషి లెన్సులు కంటికి అంటుకుపోయాయని ఏనాటి నుంచో తిరుగుతున్న వదంతికి ఇది కొనసాగింపు మాత్రమే. కన్నీటి పొరలో తడిగా ఉండే లెన్సు పాడయ్యేంత వేడి దగ్గర మన ముఖం ఒక్క క్షణం కూడా నిలవలేదు. అసలు భయపడవలసినవి చేతివేళ్లు, నీళ్లు, అవసరమైనప్పుడు లెన్సు తీసేయడానికి వీల్లేని పరిస్థితి.

ముందు వేళ్ల సంగతి చెబుతాను, ఎందుకంటే మన కుకౌట్ బర్గర్లతో ఆగదు. చికెన్‌కు కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించాలి, బజ్జీలకు మిరపకాయలు చీల్చి గింజలు తీయాలి, కాల్చిన మొక్కజొన్న కంకికి నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్దాలి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపుగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందువల్ల పార్కు కుళాయి కింద చేయి తడుపుకొని టిష్యూతో తుడుచుకుంటే అది పోదు, గోరు కింద, వేలి ముడతలో గంటల తరబడి నిలిచి ఉంటుంది. మధ్యాహ్నం మిరపకాయలు తరిగిన చేతితో రాత్రి ఇంటికి వచ్చి లెన్సు తీయబోయినప్పుడు కన్ను భగ్గుమనడానికి కారణం ఇదే. మిర్చి పని చేసేటప్పుడు చేతికి పల్చటి గ్లవ్స్ తొడుక్కోండి, లేదా ఆ పనిని లెన్సులు లేనివారికి అప్పగించండి. తప్పనిసరిగా చేయవలసి వస్తే, ముందు కాస్త వంటనూనె వేళ్లకు బాగా రాసి, ఆ తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో గోళ్ల కింద సహా రెండుసార్లు కడిగి, పీచు రాలని బట్టతో పూర్తిగా తుడుచుకోండి. అప్పటికీ కారం కంట్లో పడితే, చేతులు అలాగే శుభ్రం చేసుకొని లెన్సు తీసి చెత్తబుట్టలో వేయండి, కన్ను ధారాళంగా నీళ్లతో కడగండి. మెత్తటి లెన్సు కారాన్ని పీల్చుకుంటుంది కనుక, ఎంత ఖరీదైనదైనా, కొత్తదైనా దాన్ని మళ్లీ పెట్టుకోకూడదు. బయటి భోజనాలున్న రోజున, ఒక్కరోజు వాడి పారేసే రోజువారీ లెన్సులు వాడమని నేను చెప్పేది అందుకే, పారేయడానికి మనసు వెనకాడదు.

గ్రిల్ దగ్గర గాలి ఎటు నుంచి వీస్తోందో అటు నిలబడితే పొగ, బూడిద మన మీదికి రావు. బూడిద నలుసు లెన్సు కింద చేరితే కన్ను నలపకండి, కార్నియా (నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర) గీసుకుపోతుంది. బొగ్గుల మీద పోసే లైటర్ ఫ్లూయిడ్ చిందినప్పుడు మాత్రం లెన్సు కోసం తడుముకుంటూ సమయం వృథా చేయక, వెంటనే శుభ్రమైన నీటి ధార కింద కన్ను పెట్టి 15 నిమిషాలు కడగాలి, కడుగుతూండగానే లెన్సు సులువుగా వస్తే తీసేయాలి, ఆపైన ఆసుపత్రికి వెళ్లాలి.

ఇలాంటి అత్యవసరం తప్ప లెన్సుకూ నీటికీ పొత్తు కుదరదు. మేముండే డల్లాస్ ప్రాంతంలో లూయిస్‌విల్ చెరువు ఒడ్డున వంటలు కానిచ్చి, పిల్లలతో నీళ్లలో దిగడం అందరికీ సరదా. చెరువులోనూ ఈతకొలనులోనూ హాట్ టబ్‌లోనూ, చివరికి ఇంటి కుళాయి నీటిలోనూ అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది లెన్సును ఆసరా చేసుకొని కార్నియాలోకి చేరితే చికిత్స నెలల తరబడి సాగుతుంది, చూపు పోయే ప్రమాదమూ ఉంటుంది. ఈ జబ్బు అరుదే అయినా, వచ్చేవారిలో అత్యధికులు లెన్సులు పెట్టుకునేవారే. అందుకే నీళ్లలోకి దిగే ముందు లెన్సులు తీయండి. లెన్సు డబ్బాను కుళాయి నీళ్లతో కడిగే అలవాటు మనలో చాలామందికి ఉంది, దాన్ని ఇప్పుడే మానుకోండి. లెన్సులు శుభ్రం చేసే ద్రవంతోనే, అంటే సొల్యూషన్‌తోనే కడిగి, బోర్లించి ఆరబెట్టండి.

ఇవన్నీ పాటించడానికి మొదట కావలసింది సంచిలో ఒక జత కళ్ళద్దాలు. అవి లేనివారే మండుతున్న కంటితో సాయంత్రం దాకా ఓర్చుకుంటారు, ఎందుకంటే లెన్సు తీస్తే కారు నడపలేరు. చూపు దిద్దే అద్దాలు లేకుండా నడపకూడదనే ఆంక్ష మీ డ్రైవింగ్ లైసెన్సు మీద ఉంటే, లెన్సులు తీసేసి కళ్ళద్దాలు లేకుండా నడపడం చట్టవిరుద్ధం కూడా. కళ్ళద్దాలను ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, ఆ వేడికి అద్దాల పైపూత పగులుతుంది.

రాత్రి పొద్దుపోయి స్నేహితుల ఇంట్లోనే పడుకోవలసి వస్తే, లెన్సులతో నిద్రపోకండి. దానివల్ల ఇన్ఫెక్షన్ ప్రమాదం ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందని ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. గ్లాసు నీళ్లలో వేసి ఉంచడం అంతకన్నా మేలేమీ కాదు. స్నేహితుల సొల్యూషన్ అడిగి తీసుకునేటప్పుడు సీసా మూతి చూడండి: ఎర్రటి మూతి ఉన్నది సాధారణంగా హైడ్రోజన్ పెరాక్సైడ్. దాన్ని దానితో వచ్చే ప్రత్యేకమైన డబ్బాలోనే పోసి, లెన్సులను సీసా మీది చీటీలో రాసినట్లు సాధారణంగా ఆరు గంటలైనా అందులో ఉంచాలి. మామూలు డబ్బాలో పోసి పొద్దున్నే నేరుగా కంట్లో పెట్టుకుంటే కన్ను కాలినంత పని అవుతుంది.

వేడుకల్లో కాటుక పెట్టుకునే అమ్మాయిలు లెన్సు పెట్టుకున్న తర్వాతే కాటుక దిద్దుకోవాలి, రెప్పల లోపలి అంచుకు తగలనీయకూడదు. సన్‌స్క్రీన్, దోమల స్ప్రే రాసుకున్న చేతులు కూడా లెన్సును తాకకూడదు. హాలోవీన్‌కో నాటకానికో రంగు లెన్సులు కావాలంటే, పవర్ లేనివైనా సరే, ఈ దేశంలో డాక్టర్ రాసిన చీటీ లేకుండా అమ్మడం నేరం. లెన్సులు కొలిచి అమర్చాక ఆ చీటీ నకలు మీరు అడగకపోయినా ఇవ్వవలసిన బాధ్యత డాక్టర్‌దే. కళ్ళద్దాల చీటీ దీనికి పనికిరాదు.

చివరిగా, ఇండియా నుంచి తెచ్చుకున్న చుక్కల మందు గురించి గట్టిగా చెబుతున్నాను. మన పెట్టెల్లో ఉండే కంటి చుక్కల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. కన్ను ఎర్రబడినప్పుడు అవి వేస్తే ఎరుపు తగ్గినట్లు కనిపిస్తూనే లోపల ఇన్ఫెక్షన్ ముదిరిపోవచ్చు. లెన్సు తీశాక కూడా నొప్పి, ఎరుపు, వెలుగు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటే మర్నాటి దాకా ఆగకండి, బాక్టీరియా వల్ల వచ్చే కార్నియా పుండు ఒక్కరోజులోనే ముదరగలదు. శుక్రవారం రాత్రైనా సరే, మీ కంటి డాక్టర్ ఆఫీసుకు ఫోన్ చేయండి, ఆఫీసు వేళలు దాటాక కూడా పలికే డాక్టర్ చాలాచోట్ల ఉంటారు. లేకపోతే ఎమర్జెన్సీకి వెళ్లండి. కంటి జబ్బుకు చికిత్స విజన్ ఇన్సూరెన్స్ (చూపు పరీక్షలకు, కళ్ళద్దాలకు ఉండే బీమా) కిందికి కాక మామూలు వైద్య బీమా కిందికి వస్తుంది కనుక ఆ కార్డు పట్టుకెళ్లండి. తీసిన లెన్సును, డబ్బాను కూడా పారేయకుండా వెంట తీసుకెళ్తే, ఏ క్రిమి వల్ల వచ్చిందో పరీక్షించడానికి డాక్టర్‌కు అవి పనికొస్తాయి.