గ్యాస్ ప్లాంట్ సరే, బకెట్ తూకం వేశారా?

ప్రశ్న: మాది విశాఖపట్నం మధురవాడ, సొంత ఇల్లు. కింద మేమిద్దరం ఉంటాం, పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. టీచర్‌గా రిటైరయ్యాను, పెన్షన్ వస్తుంది. వంటింటి చెత్తతో గ్యాస్ తయారయ్యే ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ ప్లాంట్ మేడ మీద పెడతానని ఒక ఏజెంట్ వచ్చాడు. ధర 45,000 రూపాయలు. నెలకో సిలిండర్ మిగులుతుంది, నాలుగేళ్లలో మీ డబ్బు మీకు వచ్చేస్తుంది అంటున్నాడు. ఇంకో 25,000 పెడితే కరెంటు వచ్చే చిన్న జనరేటర్ కూడా ఇస్తాడట. ఎఫ్‌డీ తీసి కొనమంటారా? 2,000 అడ్వాన్స్ ఇచ్చేశాను. ఆనందపురం దగ్గర ఉండే మా తమ్ముడికి నాలుగు గేదెలున్నాయి. వాడు కూడా పెట్టుకుందామా అని అడుగుతున్నాడు.

జవాబు: ఏజెంట్ చెప్పిన లెక్క తప్పేమీ కాదండీ. కాకపోతే అది మీ ఇంటి లెక్క కాదు.

ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ వంటకు సుమారు 430 గ్రాముల ఎల్పీజీతో సమానం. రోజూ అంత గ్యాస్ వస్తే నెలకు 13 కిలోలు. మన సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు కాబట్టి నెలకో సిలిండర్ అన్న మాట దగ్గర దగ్గరగా నిజమే. అయితే ఆ ట్యాంకు రోజూ అంత గ్యాస్ ఇవ్వాలంటే దాని నోట్లో రోజూ పది కిలోల తడి చెత్త గానీ, పాతిక కిలోల పేడ గానీ వేయాలి. ఒక ఘనపు మీటరు అన్నది ట్యాంకు కెపాసిటీ. మీ వంటింటి కెపాసిటీ వేరు.

అందుకే ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందు ఒక్క వారం ఈ పని చేయండి. సూట్‌కేసులు తూచుకునే కొక్కెం కాటా మూడు వందలకు దొరుకుతుంది. రాత్రి గిన్నెలు కడిగాక తడి చెత్త బకెట్‌ని దానికి తగిలించి, అంకె క్యాలెండర్ మీద రాయండి. తూచేముందు నిమ్మ, బత్తాయి తొక్కలు, ఉల్లిపొట్టు, గుడ్డు పెంకులు, ఎముకలు, కొబ్బరి పీచు తీసి పక్కన పెట్టండి. అవి ట్యాంకుకు పనికిరావు. బకెట్ బరువు తీసేయడం మర్చిపోకండి. నేను చూసిన ఇళ్లలో నలుగురున్నా ఈ అంకె కిలో దాటడం తక్కువ. మీరిద్దరే కాబట్టి అరకిలో వస్తే గొప్ప.

సరే, కిలో అనే అనుకుందాం. కిలో తడి చెత్తకు సుమారు వంద లీటర్ల గ్యాస్ వస్తుంది. స్టవ్ మీద అది ఓ పావుగంట మంట. పొద్దున్నే పాలు కాగుతాయి, డికాషన్ దిగుతుంది, అంతే. ఏడాది మొత్తం కూడితే 16 కిలోల ఎల్పీజీ, అంటే ఒక సిలిండర్ కంటే కాస్త ఎక్కువ. సిలిండర్ 900 రూపాయలు వేసుకుంటే ఏడాదికి వెయ్యి రూపాయల పొదుపు. పై పోర్షన్ల వాళ్లు కూడా బకెట్లు మీకే ఇచ్చి రోజుకు మూడు కిలోలు అయిందనుకోండి, ఏడాదికి మూడు సిలిండర్లు చిల్లర, సుమారు 3,000. మీ 45,000 ఎఫ్‌డీలోనే ఉంటే 7 శాతం లెక్కన వచ్చే వడ్డీ 3,150. మెచ్యూరిటీకి ముందే తీస్తే ఆ వడ్డీలో కోత కూడా పడుతుంది. ఇంకా రిపేర్లు లెక్క వేయలేదు.

చెత్త తక్కువైతే రైతు బజారు నుంచి తెచ్చుకోవచ్చు కదా అని ఏజెంట్ అంటాడు, నాకు తెలుసు. స్కూటర్ మీద రోజూ తొమ్మిది కిలోల కుళ్లిన టమాటాలు మోసే రిటైర్డ్ టీచర్‌ని నేనైతే ఇంతవరకు చూడలేదు.

నా అనుభవం కూడా చెప్తాను. కొన్నేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇలాంటిదే పెట్టించాను. ఆరు నెలలు బాగానే నడిచింది. సంక్రాంతికి ఇంటి నిండా చుట్టాలు. మిగిలిన పులిహోర, గారెలు, సాంబారు అన్నీ ఉత్సాహంగా రెండు రోజుల్లో ట్యాంకులో పోశాం. కనుమ నాటికి స్టవ్ వెలగలేదు. లోపల మీథేన్, అంటే మండే గ్యాస్, తయారుచేసేవి సూక్ష్మజీవులు, వాటికి నిదానంగా, కొలతగా పెట్టాలి. ఒక్కసారి కుమ్మరిస్తే లోపల ఆమ్లం పెరిగి, ఎండాకాలంలో బయట మర్చిపోయిన దోసె పిండిలా అంతా పులిసిపోతుంది. తిండి ఆపి, సున్నపు తేట, రెండు బకెట్ల పేడ నీళ్లు పోస్తే మూడు వారాలకు దారిలో పడింది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ‘టెక్నీషియన్ వస్తాడు’ అన్నారు, ఇప్పటికీ రాలేదు. మీరు మీ అబ్బాయి దగ్గరకో కూతురి దగ్గరకో నెల రోజులు వెళ్తే దీనికి ఎవరు తిండి పెడతారో కూడా ఆలోచించుకోండి. ఇదొక పశువు లాంటిదే.

మేడ మీద అంటున్నారు కాబట్టి ఇంకో మాట. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. స్లాబ్ మీద ఎక్కడ పెట్టాలో ఇంజినీర్‌ చూడకుండా ఏజెంట్ చూపించిన మూలలో పెట్టించకండి. గ్యాస్‌లో కుళ్లిన గుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, అది ఇనుమును తినేస్తుంది. పైగా మన ఊరి ఉప్పు గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు, గేటు కీళ్లు చూస్తే తెలుస్తుంది. బర్నర్, వాల్వులు, గొట్టాలకు ఏటా కొంత ఖర్చు రాసుకోండి. ఎల్పీజీ స్టవ్ దీనికి పనికిరాదు, వేరే స్టవ్ కావాలి.

జనరేటర్ సంగతి ఇక్కడే ముగించేద్దాం. ఒక ఘనపు మీటరు గ్యాస్‌తో ఇంజిన్ నడిపితే వచ్చేది ఒకటిన్నర, రెండు యూనిట్లు. మీ కిలో చెత్తతో ఒక యూనిట్ రావడానికి ఐదు రోజులు పైనే పడుతుంది. 25,000 పెట్టి! కరెంటు బిల్లే మీ బాధైతే, నెలకు 225 యూనిట్లు దాటుతుంటే, పైన కాలిన ప్రతి యూనిట్‌కు కనీసం 8 రూపాయల 75 పైసలు కడుతున్నారు. అప్పుడు చూడాల్సింది మేడ మీద సోలార్. కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకు 60,000 సబ్సిడీ ఉంది, రోజుకు సగటున ఏడెనిమిది యూనిట్లు వస్తాయి. ఫ్రేములు మాత్రం గట్టిగా బిగించమనండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఏం చేసిందో చూసినవాళ్లం కదా.

ఇప్పుడు మీ తమ్ముడు గారి విషయం. నాకు ఆసక్తి కలిగించింది అదే. నాలుగు గేదెలు పాకలోనే కట్టేసి ఉంటే రోజుకు నలభై యాభై కిలోల పేడ, అదీ గుమ్మం ముందే. దాంతో 2 ఘనపు మీటర్ల ప్లాంట్ హాయిగా నడుస్తుంది. ఇటుకలతో భూమిలోపల కట్టే దీనబంధు మోడల్ అడగమనండి. 1984లో వచ్చిన డిజైన్ అది. తుప్పు పట్టే ఇనుప డ్రమ్ము ఉండదు. కాకపోతే పైన గ్యాస్ నిలిచే డోమ్ (గుమ్మటం) కట్టడం తెలిసిన మేస్త్రీ కావాలి. పగులు పడితే గ్యాస్ నిలవదు. పేడకు సమానంగా నీళ్లు కలిపి పోయాలి, ఎండాకాలంలో బోరు ఎలా ఉంటుందో ముందే చూసుకోవాలి.

ఆయన లెక్కలో ఒక మెలిక ఉంది. రైస్ కార్డు ఉండి, రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం వర్తిస్తే 2024 నవంబరు నుంచి ఏటా మూడు సిలిండర్లు ఉచితంగానే వస్తున్నాయి. ఏడాదికి పది సిలిండర్లు వాడే ఇల్లయితే ప్లాంట్ మిగిల్చేది పదికి కాదు, ఏడుకి. అంటే 6,300. గ్యాస్ పోగా ప్లాంట్‌లోంచి బయటికొచ్చే పలచటి పేడ ఎరువును, అంటే స్లర్రీని కూడా లెక్కలో వేయాలి. పచ్చి పేడలా వాసన, ఈగలు ఉండవు, నత్రజని పోదు. ఆనందపురం వైపు బంతి, చామంతి వేసేవాళ్లకు దాని విలువ తెలుసు. ఆయన ఎరువుల షాపులో ఏటా ఎంత కడుతున్నారో అడగండి, నిర్ణయం ఆ అంకె చెబుతుంది.

కేంద్రం బయో ఎనర్జీ పథకంలో 2 నుంచి 4 ఘనపు మీటర్ల ప్లాంటుకు సాధారణ కేటగిరీలో 14,350 రూపాయల సాయం పెట్టారు. దాని మొదటి దశ గడువు 2025-26. అందుకని మంజూరు కాగితం చేతికొచ్చేదాకా ఆ డబ్బు లేదనుకునే లెక్క వేసుకోమనండి. రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ (ఎన్‌ఆర్‌ఈడీక్యాప్, పాత పేరు నెడ్‌క్యాప్) జిల్లా ఆఫీసులో అడగాలి, ఏజెంట్‌ని కాదు.

మీకు మొక్కలుంటే రెండు వేలలో కంపోస్ట్ డబ్బాలు వస్తాయి, బకెట్ సమస్య అక్కడితో తీరుతుంది. మీరిచ్చిన అడ్వాన్స్ ఒకసారి మర్యాదగా అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. ఆ రెండు వేలు పోతాయని మిగతా 43,000 కట్టకండి.