కేసులో పార్టీ కాకపోయినా కోర్టు రికార్డు ఇస్తారు, కాగితం పెట్టి అడగండి

"మేం కొనబోయే పొలం మీద ఎప్పుడో కోర్టు కేసు నడిచిందంటున్నారు. అందులో నేను వాదినీ కాదు, ప్రతివాదినీ కాదు. ఆ తీర్పు కాపీ నాకు ఇస్తారా? ఎవరిని అడగాలి?" అన్నది మీ ప్రశ్న.

ఇస్తారు. పార్టీ కాకపోతే ఇవ్వరని ఎవరు చెప్పినా నమ్మకండి. నాకు ముగ్గురు చెప్పారు. ముగ్గురూ కోర్టు ఆవరణలో రోజూ తిరిగేవాళ్లే. ఆ మాట నమ్మి ఊరుకుని ఉంటే ఈరోజు మా చేలోకి దారి ఉండేది కాదు.

మా పొలం కృష్ణా డెల్టాలో, కాలవ గట్టు నుంచి నాలుగు చేలు లోపలికి ఉంటుంది. బండి వెళ్లాలన్నా, కోత మిషను దిగాలన్నా పక్క రైతు చేను అంచున ఉన్న బాటే గతి. నాన్న ఉన్నన్నాళ్లూ ఆ బాట గురించి ఎవరూ నోరెత్తలేదు. ఆయన పోయిన ఏడాదే, వరికోతల ముందు, బాటకి అడ్డంగా ముళ్లకంచె పడింది. కట్టినాయన వరసకి నాకు బాబాయి. "మీ నాన్న మొహం చూసి వెళ్లనిచ్చానమ్మా, మీకు హక్కేం లేదు" అన్నాడు. చేను ఎర్రగా పండి నిలబడి ఉంది, మిషను రోడ్డు మీద ఆగి ఉంది. ఆ ఏడాది కూలీల చేత కోయించి, మోపులు నెత్తిన మోయించి గట్టుకి చేర్చాం. ఎంత ఖర్చయిందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అప్పుడు అమ్మ ఒక మాట చెప్పింది. "ఆ బాట గొడవ ఉప్పెన వచ్చిన ఏడాదే మున్సిఫ్ కోర్టులో తేలిపోయింది. మనం కాదు, ముందు చేనువాళ్లూ మీ బాబాయి వాళ్ల నాన్నా కోర్టుకెక్కారు." ఉప్పెన అంటే మా వైపు ఒకటే, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. అంటే తీర్పు ఆ ఏడాదిదో, కాస్త అటూ ఇటూనో. కానీ నంబరు తెలీదు, కాగితం ఎవరి దగ్గరా లేదు. మేం ఆ దావాలో పార్టీలం కాదు. సరిగ్గా మీలాగే.

మొదటిసారి వెళ్లినప్పుడు కిటికీ దగ్గర నిలబడి నోటితో అడిగాను. "పార్టీయా? కాదా? అయితే లాయరుని పంపండి" అన్నారు. బయటికి రాగానే చెట్టు కింద ఒకాయన, అయిదు వేలు ఇస్తే వారంలో తెచ్చిపెడతానన్నాడు. తప్పు ఎక్కడ జరుగుతుందో నాకు ఆ రోజే తెలిసింది. నోటితో అడిగితే నోటితోనే కాదంటారు, దానికి సాక్ష్యం ఉండదు. రాసి ఇస్తే దాని మీద నంబరు పడుతుంది, ఎవరో ఒకరు జవాబు రాయాల్సిందే.

ఊళ్లో మాస్టారు ఒకాయన ఆర్టీఐ పెట్టమన్నారు. పెట్టాను, తిరిగొచ్చింది. మీరు ఆ దారిన పోయి నెల రోజులు పోగొట్టుకోకండి. కోర్టు ఫైల్లో కాగితాల కాపీలు కావాలంటే కోర్టు నియమాల ప్రకారమే అడగాలి, సమాచార హక్కు కింద కాదు అని 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది.

ముందు నంబరు సంపాదించాలి. కొత్త కేసులైతే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో పార్టీ పేరు కొట్టి చూడొచ్చు, డబ్బులేం అక్కర్లేదు. ప్రతి కేసుకీ పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, అది దొరికితే వాయిదాలన్నీ కనిపిస్తాయి. పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. మన పేర్లని ఇంగ్లిష్‌లో ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాస్తాడు. లక్ష్మిని ఒకరు ఎక్స్‌తో రాస్తే ఇంకొకరు కేఎస్‌హెచ్‌తో రాస్తారు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట పొడి అక్షరంగా. అందుకే పేరంతా కొట్టకుండా మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టి, ఏడాది మార్చి మార్చి వెతకండి. ఇంకోటి, ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా, మీది కొత్త జిల్లా అయితే పాత జిల్లా పేరు కింద కూడా చూడండి. నా కేసు పాతది, అందులో లేదు. నంబరు ఎక్కడ దొరికిందంటే, ఆ ముందు చేను తర్వాత చేతులు మారినప్పటి దస్తావేజులో. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాని నకలు తీయిస్తే, సరిహద్దులు రాసిన పేజీ కింద "ఓ.ఎస్." అని నంబరూ సంవత్సరమూ ఉన్నాయి. ఓ.ఎస్. అంటే ఒరిజినల్ సూట్, అసలు దావా.

నంబరు చేతిలో పడ్డాక మళ్లీ వెళ్లాను. అప్పటి మున్సిఫ్ కోర్టే ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. పార్టీ కానివాళ్లు వేసేదాన్ని థర్డ్ పార్టీ కాపీ పిటిషన్ అంటారు. నాకు ఫలానా కాగితాలు కావాలి, ఫలానా అవసరానికి కావాలి అని పిటిషను రాసి, అదే విషయం ప్రమాణం చేస్తూ అఫిడవిట్ జతచేసి, కోర్టు ఫీ స్టాంపు అంటించి ఇవ్వాలి. జడ్జిగారు చూసి ఉత్తర్వు ఇస్తారు. "ఎందుకు" అన్నచోట నేను బాట గొడవంతా పూసగుచ్చినట్టు రాశాను. మీరూ "పొలం కొనబోతున్నాను, హక్కులు తేల్చుకోవాలి" అని నేరుగా రాయండి. ఏ సెక్షను కింద అంటూ ఎవరైనా నిలదీస్తే, పబ్లిక్ డాక్యుమెంట్ల సర్టిఫైడ్ కాపీల గురించి పాత సాక్ష్య చట్టంలో 76వ సెక్షన్ ఉండేది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అది 75 అయింది. అన్నీ ఇవ్వరు, అది కూడా న్యాయమే. పిల్లల కేసులు, ఆడవాళ్ల మీద అత్యాచారాల కేసులు, మొగుడూపెళ్లాల తగాదాలు బయటివాళ్ల చేతుల్లో పెట్టాల్సినవి కావు. పొలం దావా అలాంటిది కాదు.

పిటిషను అలౌ అయింది. ఇక అయిపోయిందనుకుని ఇంటికొచ్చేశాను. అక్కడే దెబ్బతిన్నాను.

కాపీ దరఖాస్తుకి సీఏ నంబరు ఇస్తారు, సీఏ అంటే కాపీ అప్లికేషన్. రికార్డు వచ్చాక, ఎన్ని పేజీలో లెక్కేసి, ఇన్ని స్టాంపులు కట్టండి అని కాపీయింగ్ సెక్షన్ బయట నోటీసు బోర్డులో పెడతారు. ఇంటికి ఉత్తరం రాదు, ఫోను రాదు. బోర్డు మీద పడిన తర్వాత గడువులోగా కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. నేను పది రోజుల తర్వాత వెళ్లేసరికి నా నంబరు ఎదురుగా "స్ట్రక్ ఆఫ్" అని ఉంది. ముప్పై కిలోమీటర్లు బస్సులో వచ్చి, బాట కేసు కాగితం నా నిర్లక్ష్యంతో పోయిందేమోనని ఆ బోర్డు ముందే ఏడ్చాను. అటెండరు ఒకాయన, పెద్దాయన, "మళ్లీ సీఏ వేయండమ్మా, రికార్డు వచ్చే ఉంది, ఈసారి తొందరగా అవుతుంది" అని కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఆ కోర్టులో నన్ను మనిషిలా చూసింది ఆయనొక్కరే.

దీని గురించి నాకు చాలా కోపం ఉంది. గ్యాసు బండ బయల్దేరితే ఫోనుకి మెసేజ్ వస్తుంది. రేషన్ షాపు తెరిస్తే ఊరంతా తెలుస్తుంది. మనిషి ఆస్తి తేల్చే కాగితం విషయంలో మాత్రం గోడకి అంటించిన లిస్టు రోజూ వచ్చి చూసుకోవాలి. దగ్గర్లో ఉన్నవాళ్లకి ఫరవాలేదు, కూలి మానుకుని వచ్చేవాళ్ల సంగతేంటి? చెట్టు కింద అయిదు వేలు అడిగే మనిషి బతికేది ఈ బోర్డు మీదే.

రెండోసారి తమ్ముడూ నేనూ వంతులేసుకుని రోజు విడిచి రోజు వెళ్లాం. స్టాంపులు పిలిచిన రోజే కట్టాం. కాపీ వచ్చాక వెనక పేజీ తిప్పి చూడండి, దరఖాస్తు ఏ రోజు పెట్టారు, స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు తయారైంది, ఎప్పుడు ఇచ్చారు అన్నీ తేదీలతో ఉంటాయి. అప్పీలు వేసేవాళ్లకి ఆ తేదీలు ప్రాణం, కాపీకి పట్టిన రోజుల్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ గడువులోంచి తీసేస్తుంది. మొత్తం మీద స్టాంపుల కంటే నాకు బస్సు చార్జీలే ఎక్కువయ్యాయి.

నేను సాక్షుల వాంగ్మూలాలు కూడా అడిగాను, అవి లేవన్నారు. కోర్టు కాగితాలన్నీ ఎల్లకాలం ఉంచరు, 1917 నాటి చట్టం ఒకటి ఉంది, దాని కింద గడువు తీరినవి ధ్వంసం చేస్తారు. మా అదృష్టం, తీర్పు ఉంది, ఆ తీర్పు సారాన్ని ఉత్తర్వుగా రాసే డిక్రీ ఉంది, కోర్టు పంపిన లాయరు (అడ్వకేట్ కమిషనర్) చేను చూసి గీసి డిక్రీకి జతచేసిన ప్లాను ఉంది.

అంతా ఇంగ్లిషే. ఉప్పెన నాటి సంగతులన్నీ నోటికొచ్చిన మా అమ్మ ఆ తీర్పు చదువుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1966లోనే అధికార భాషా చట్టం వచ్చింది. తెలంగాణ హైకోర్టు 2023లో ఒక భూమి కేసులో తెలుగులో తీర్పు ఇచ్చింది, ఆకాశమేం ఊడిపడలేదు. రైతుకీ రైతుకీ మధ్య తీర్పు ఆ రైతులిద్దరికీ అర్థం కాని భాషలో ఎందుకుండాలో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. నేను ప్లాను గట్టిగా చదువుతుంటే మధ్యలో "బోదె" (చిన్న పంటకాలవ), "పుంత" (బండ్ల బాట) అని ఇంగ్లిషు అక్షరాల్లో వచ్చాయి. అమ్మ అక్కడ తలెత్తింది. "ఆ పుంత దాటాక మన చేనే" అంది. నిజమే, బాటని ఎర్ర గీతతో గీసి, చివర మా తాతగారి పేరు రాశారు.

ఆ కాగితాలు తీసుకుని, ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని బాబాయి ఇంటికి వెళ్లాం. మొదటి ప్రతివాదిగా వాళ్ల నాన్న పేరు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ పేరు మీద వేలుంచి చాలాసేపు ఏం మాట్లాడలేదు. దాళ్వా (రెండో పంట) నాట్లకి ముందే కంచె తీసేశారు. కొత్త దావా అవసరం రాలేదు.

మీ విషయానికొస్తే, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉందని ధైర్యపడకండి. కోర్టులో దావా నడుస్తున్నంత మాత్రాన అది ఈసీలో కనిపించదు, దావా నడుస్తుండగా కొన్నవాళ్లు ఆ తీర్పుకి కట్టుబడాల్సిందే. లాయరుకి ఇచ్చుకోలేని పరిస్థితి అయితే 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవల సంస్థవాళ్లు మాట్లాడతారు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. ముందు మాత్రం అమ్మేవాళ్ల దగ్గర పాత దస్తావేజులు తీసుకుని, సరిహద్దుల పేజీ కింద ఓ.ఎస్. అనిగానీ ఏ.ఎస్. (అప్పీల్ సూట్) అనిగానీ ఉందేమో చూడండి. నంబరు దొరికితే ఇక్కడే రాయండి, నేను పెట్టిన పిటిషను నకలు నా దగ్గరుంది, పంపిస్తాను.