‘లోకల్ ఆటగాళ్ల కోసమే’ అన్న యాప్‌ను ఎలా అంచనా వేయాలి: ఒక గుమాస్తా అనుభవం

మీ మిత్రులు ఆడుతున్న యాప్‌లో క్రికెట్ పందేలూ చిన్న చిన్న ఆటలూ ఉన్నాయని, అంతా తెలుగులోనే ఉందని, యూపీఐతో డబ్బు కట్టవచ్చని, ‘లోకల్ ఆటగాళ్ల కోసమే’ అని రాసుకున్నారని చెప్పారు. చేరే ముందు దాన్ని ఎలా పరీక్షించాలని అడిగారు. నేను తణుకు దగ్గర ఒక రైస్ మిల్లులో గుమాస్తాను. 2024 ఐపీఎల్ జరిగిన రెండు నెలలూ అచ్చం ఇలాంటి యాప్‌లోనే ఆడాను. వృత్తి అలవాటు కొద్దీ కట్టిన ప్రతి రూపాయికీ చిట్టా రాసుకున్నాను. కట్టింది 27 సార్లు, మొత్తం 41,300 రూపాయలు. తిరిగి చేతికొచ్చింది 9,850. యాప్‌లో ఇప్పటికీ నా పేరున నిల్వ చూపిస్తున్నది 4,760. ఆ నిల్వను నేను రానిబాకీల కింద రాసేసుకున్నాను.

ముందు ఆ ‘లోకల్’ అన్న మాట దగ్గరే ఆగండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ తమ 1974 నాటి గేమింగ్ చట్టాలను సవరించి నిషేధించాయి. అందుకే ఫాంటసీ క్రికెట్, రమ్మీ నడిపిన పేరున్న కంపెనీలు మనం ఈ రెండు రాష్ట్రాల్లో ఉన్నామని తెలియగానే నగదు ఆటలోకి రానిచ్చేవి కావు. అప్పట్లో నాకది అవమానంగా తోచేది. చెన్నైలో మా బావమరిది ఆడగలడు, నేను ఆడలేను! అలా చూస్తుండగా ఒక యాప్ ఊరూ పేరూ అడగకుండా తలుపు తీసి తెలుగులో స్వాగతం చెప్పింది. అది మర్యాద అనుకున్నాను. చట్టాన్ని పట్టించుకునేవాళ్లు మూసి ఉంచిన తలుపును తీసినవాడు ఎవడై ఉంటాడో అప్పుడు ఆలోచించలేదు.

ఇప్పుడు ఆ తేడా కూడా లేదు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు ఆటలను నిషేధించింది. డ్రీమ్11 వంటి పెద్ద సంస్థలే నగదు పోటీలు ఆపేశాయి. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టే చెప్పిందని మీ మిత్రులు వాదించవచ్చు. నిజమే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో చాలా ఏళ్ల కిందట చెప్పింది. కొత్త చట్టం మాత్రం నైపుణ్యమా, అదృష్టమా అని చూడదు. డబ్బు పెట్టి, గెలిస్తే డబ్బు ఆశించే ఆట అయితే చాలు. ఆడేవాళ్లకు అందులో శిక్ష లేదు కానీ, నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ప్రచారం చేసేవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. చేరితే తనకు బోనస్ వస్తుందని మీకు లింకు పంపిన మిత్రుడికి ఈ చివరి వాక్యం ఒకసారి చదివి వినిపించండి.

యాప్ అడుగున కురసావ్ లైసెన్సు ముద్ర ఉంటుంది చూడండి. అది కరీబియన్ సముద్రంలోని ఒక దీవి. మీ డబ్బు రాకపోతే అక్కడికి వెళ్లి అడగాలన్న మాట. ఇలాంటివి ప్లేస్టోర్‌లో ఉండవు. టెలిగ్రామ్‌లో పంపిన ఫైలును నేరుగా ఫోన్‌లో ఎక్కించుకోమంటారు. ఎక్కించాక మీ ఎస్సెమ్మెస్‌లు, కాంటాక్టులు చూడడానికి అనుమతి అడుగుతుంది. టాస్ మీద పందెం కాయడానికి మా మేనత్త ఫోన్ నంబరు దానికెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

బోనస్ లెక్క ఒకటి చెప్పాలి, ఎందుకంటే నేను పడింది అక్కడే. వెయ్యి కడితే ఇంకో వెయ్యి ఇస్తామన్నారు. దాన్ని బయటికి తీయాలంటే మొత్తం రెండు వేలకు ఇరవై రెట్లు, అంటే 40,000 రూపాయల పందేలు కాయాలని నిబంధనల్లో సన్నని అక్షరాల్లో ఉంది. ఇప్పుడు టాస్ తీసుకోండి. బొమ్మ అయినా బొరుసు అయినా, నూరు కాసి గెలిస్తే 190 ఇస్తారు. రెండు వైపులా చెరో నూరు పడితే యాప్‌కు వచ్చింది 200, ఇచ్చేది 190. నూటికి ఐదు వాళ్ల కోత. 40,000 మీద ఐదు శాతం ఎంత? సరిగ్గా రెండు వేలు. నేను కట్టిన వెయ్యి, వాళ్లిచ్చిన వెయ్యి, సగటున రెండూ హుళక్కి. మోసం చేయకుండా, నిజాయితీగా ఆడించినా ఇంతే.

చిన్న ఆటలు ఇంకా వేగం. టాస్ మ్యాచ్‌కు ఒక్కసారే వేస్తారు. ఎరుపు-ఆకుపచ్చ రంగుల ఆట, పైకెగిరే విమానం ఆట నిమిషంలోపే తేలిపోతాయి. నా చిట్టాలో ఒక రాత్రి 11:40 నుంచి 12:25 వరకు యాభై రూపాయల పందేలు అరవై మూడు ఉన్నాయి. అంటే 45 నిమిషాల్లో 3,150 రూపాయలు అటూ ఇటూ తిరిగాయి. మిల్లులో బస్తా లెక్క ఒక్కటి తప్పితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టే మనిషిని నేను!

ఇక డబ్బు బయటికి రావడం. మా వైపు సంక్రాంతికి కోడిపందేల బరులు వెలుస్తాయి. అవీ చట్టవిరుద్ధమే, నేను వెనకేసుకురావడం లేదు. కానీ అక్కడ డబ్బు ఎవరి చేతిలో ఉందో కళ్లకు కనిపిస్తుంది. పందెం తేలగానే నోట్లు చేతులు మారతాయి. యాప్‌లో మొదటిసారి 500 వెనక్కి అడిగితే ఐదు నిమిషాల్లో వచ్చింది. అది ఎర అని తర్వాత తెలిసింది. చివరి 4,760 కోసం అడిగితే ‘ప్రియమైన ఆటగాడు, మీ ఉపసంహరణ సంతోషంగా జరుగుతున్నది’ అని చాట్‌లో జవాబు వచ్చింది. తొమ్మిది రోజులు అలా సంతోషంగా జరిగాక, ముందుగా 30 శాతం పన్ను 1,428 రూపాయలు విడిగా కడితేనే విడుదల చేస్తామన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆన్‌లైన్ ఆటల్లో నికర గెలుపు మీద 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే. కానీ దాన్ని ఇచ్చేవాడే కోసుకొని ఇవ్వాలి, పుచ్చుకునేవాణ్ణి ఎదురు కట్టమనకూడదు. పైగా నాది గెలుపు ఎక్కడ? నికరంగా ముప్పై వేలకు పైగా నష్టం. మీ మిత్రులను ఎవరైనా ఇలా పన్ను కట్టమంటే ఆ రూపాయి కూడా పోయినట్టే.

రాని డబ్బు సరే. నన్ను అసలు దెబ్బతీసింది వచ్చిన డబ్బు. జూన్‌లో ఒక ఉదయం మిల్లు ఎదుటి టీ కొట్టులో పది రూపాయలు ఫోన్‌లో కడితే వెళ్లలేదు. రెండోసారీ వెళ్లలేదు. బ్యాంకుకు వెళ్తే, వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల ఫిర్యాదు మీద ఖాతా నిలిపివేశామని, ఫిర్యాదు నంబరు ఒక చీటీ మీద రాసిచ్చారు. మే నెలలో యాప్ నుంచి నాకు 3,200 వచ్చాయి. అవి ఎక్కడో ఎవరినో మోసగించి లాగిన సొమ్ములో భాగమట. నాలుగు ఖాతాలు తిరిగి నా ఖాతాకు చేరాయి. ఇలాంటి యాప్‌లు తమ పేరుతో ఖాతా పెట్టుకోవు. అద్దెకు తెచ్చిన ఖాతాల్లో వేయించుకుంటాయి, వాటిలోంచే ఇస్తాయి. అందుకే నేను కట్టేటప్పుడు కనిపించే పేరు మారుతూ ఉండేది. ఒక రోజు కిరాణా దుకాణం, మర్నాడు బట్టల కొట్టు, ఇంకో రోజు ఎవరో మహిళ పేరు. రోజూ ఆవర్జాలో పార్టీల పేర్లు సరిచూసే నాకు అప్పుడే అనుమానం రావలసింది.

జీతం ఆ ఖాతాలోనే పడేది. యాభై రెండు రోజులు ఇరుక్కుపోయింది. మా యజమాని నగదు ఇచ్చి, స్టేట్‌మెంట్ చూసి, ‘ఎవరి డబ్బయ్యా ఇది?’ అని ఒక్క మాట అడిగారు. పద్దెనిమిదేళ్లుగా ఆయన పద్దులు రాస్తున్నవాణ్ణి, జవాబు చెప్పలేకపోయాను.

డబ్బు ప్రమేయం లేని సరదా ఆటల సంగతి వేరు. కొత్త చట్టం వాటిని ఆపలేదు. మా ఆవిడా నేనూ రాత్రిపూట ఫోన్‌లో అష్టాచమ్మా ఆడుతుంటాం, ప్రకటనల గోల తప్ప మరో ఇబ్బంది లేదు. అందులో నాణేలు గెలుచుకుంటాం కానీ వాటిని రూపాయలుగా మార్చుకునే మీట ఉండదు. మీ యాప్‌లో ఆ మీట ఉందేమో చూడండి. ఉంటే పైన ఎన్ని బొమ్మలు వేసినా అది పందెమే.

ఇప్పటికే డబ్బు ఇరుక్కున్నవాళ్లుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయమనండి. యూపీఐ లావాదేవీ నంబర్లు దగ్గర పెట్టుకోవాలి. ఆట మానలేక నిద్ర పట్టనివాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

మీరు చేరకుండానే చేయగల పరీక్ష ఒకటుంది. మీ మిత్రుడి బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిపించి, ఆ యాప్‌కు కట్టిన డబ్బు ఎన్ని వేర్వేరు పేర్ల మీదికి వెళ్లిందో లెక్కపెట్టి ఇక్కడ రాయండి. నా 27 జమల్లో పదకొండు పేర్లు వచ్చాయి.