కారులో మిగతా నలుగురూ ఏమయ్యారు?

చిరంజీవి సౌజన్యకు,

ఆశీస్సులు. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ మీద నీ యాత్రారచన మొదటి నుంచి చివరిదాకా చదివాను. సిమ్లా నుంచి కల్ప, నాకో, తాబో, కాజా మీదుగా కిబ్బర్ దాకా కళ్లకు కట్టావు. భాష నీకు బాగా లొంగింది. అయితే చదువుతున్నంతసేపూ ఒక సందేహం నన్ను వదల్లేదు. అమ్మ, నాన్న, నాయనమ్మ, తమ్ముడు కారులో నీ పక్కనే ఉన్నారని ఉత్తరంలో రాశావు. రచనలో మాత్రం, ఒక్క వాక్యంలో తప్ప, ఆ కొండల్లో నువ్వొక్కదానివే తిరుగుతున్నావు. వాళ్లంతా ఏమయ్యారు?

ఎందుకు తీసేశావో ఊహించగలను. హిమాలయాలకు ఒంటరిగా వెళ్లాలి, మౌనంగా కూర్చోవాలి, ఏదో తెలుసుకుని తిరిగి రావాలి అనే ఊహ మన యాత్రారచనల్లో పాతుకుపోయింది. పులిహోర డబ్బా, వాంతుల మాత్రలు, నాయనమ్మ మోకాళ్ల నొప్పులు అందులో ఇమడవు. కానీ స్పితి సన్యాసుల లోకం కాదమ్మా, సంసారుల లోకం. అక్కడి గొంపాకి, అంటే బౌద్ధ మఠానికి, వేరు ఇంట్లోనే ఉంది. పొలం ముక్కలు కాకుండా పెద్దకొడుక్కే దక్కడం, తర్వాతివాళ్లలో ఒకరు గొంపాలో చేరడం ఆ లోయలో పాత పద్ధతి. పెద్దకొడుకు సంసారం అందుకున్నాక తల్లిదండ్రులు పెద్దింటిని అతనికి వదిలేసి, పక్కనే చిన్నింట్లోకి మారతారు. కీ అనే ఊరి గొంపాలో నీకు కనిపించిన చిన్న లామాని ‘లోకాన్ని త్యజించిన బాలుడు’ అన్నావు. వాడు ఎవరింటి పిల్లాడో, ఎన్నో కొడుకో నీకు తెలియదు. ఆ ప్రశ్న మీ తమ్ముడికి తట్టి ఉంటుంది. ఇద్దరిదీ ఒకే ఈడు కదా. వాడేం అడిగాడో కనుక్కో.

మొత్తం రచనలో నన్ను ఆపింది నువ్వు ఆగకుండా దాటేసిన వాక్యం: ‘కిబ్బర్‌లో అన్నం ఉడకలేదని అమ్మ విసుక్కుంది.’ అసలు కథ ఇక్కడుంది. కిబ్బర్ ఎత్తు 4,200 మీటర్ల పైమాట. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు దాదాపు 86 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో ఎసరు ఎంత తెర్లినా బియ్యం పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కర్ ఉండాల్సిందే. చుట్టుపక్కల చెట్లు లేవు, ఒకప్పుడు పొయ్యిలోకి పిడకలూ ఎక్కడినుంచో మోసుకొచ్చిన కంపా తప్ప మరేమీ దొరికేది కాదు. అలాంటిచోట బార్లీ గింజలు ఒక్కసారి వేయించి పిండి విసిరి పెట్టుకుంటే, ఉప్పు వేసిన వెన్న టీలో కలిపి ముద్ద చేసుకుని తినెయ్యొచ్చు. మళ్లీ ఉడికించే పని లేదు. త్సంపా అంటే అదీ. నువ్వు ‘టిబెటన్ల సంప్రదాయ ఆహారం’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాయనమ్మ దాన్ని వాసన చూసి తొలి ఏకాదశి పేలపిండిని తలుచుకుందని ఉత్తరంలో రాసి, రచనలోంచి ఎందుకు కొట్టేశావు? ఎత్తు, పొయ్యి, పంట, ఆకలి ఆ వంటింట్లో ఒక్కచోటికి వచ్చాయి. మంచు శిఖరాల వర్ణనకి నువ్వు పెట్టిన పేజీలన్నిట్లోనూ ఆ కొండ ఇంత దగ్గరికి రాలేదు.

‘అకస్మాత్తుగా మరో ప్రపంచంలోకి అడుగుపెట్టాం’ అన్న వాక్యం తీసెయ్. రోడ్డు మీద వెళ్లినవాళ్లకి ఏదీ అకస్మాత్తుగా రాదు. కల్పలో దేవదారులు, ఆపిల్ తోటలు, పలకరాళ్ల వాలు కప్పులు. నాకో చేరేసరికి బల్లపరుపు మట్టి మిద్దెలు. వానమబ్బుల్ని వెనక కొండలే ఆపేస్తుంటే వాలు కప్పుతో పనేముంది? ఆ మిద్దెల మీదే కంప పేరుస్తారు, పంట ఎండబెడతారు. దారి పక్కన చోర్తెన్లు అనే చిన్న స్తూపాలు, మంత్రం చెక్కిన మణి రాళ్ల గోడలు ఒక్కొక్కటిగా మొదలవుతాయి. వాటిని కుడిచేతివైపు ఉంచుకుని నడవాలని మీలో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది, మన ప్రదక్షిణా అంతే కాబట్టి. ఇదంతా రాయి.

ఇంకొకటి, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. మీకు ఆశ్రయమిచ్చిన ఇంటివాళ్లని ‘ఏమీ లేకపోయినా నవ్వుతూ బతికే అమాయకులు’ అనకు. చలికాలంలో మంచు సరిగ్గా పడకపోతే ఎండాకాలం కాలవలో నీళ్లుండవు, నీళ్లు లేకపోతే పచ్చిబఠాణీ పంట లేదు, చేతికొచ్చే డబ్బు ముఖ్యంగా ఆ పంటదే. ఆ లెక్కలన్నీ వేసుకుని బతికేవాళ్లు వాళ్లు. మీ నాన్న వ్యవసాయం ఎరిగినవాడు. ఇంటాయనతో వచ్చీరాని హిందీలో అంతసేపు ఏం మాట్లాడాడో అడిగి తెలుసుకో.

తాబో గురించి. 996లో కట్టిన మట్టిగోడల ఆలయం, లోపల ఫోటోలు తీయనివ్వరు. అందుకే అక్కడ నీ చూపు పదునెక్కింది. చీకటికి కళ్లు అలవాటుపడ్డాక గోడల మీది బొమ్మలు ఒక్కొక్కటే తేలిన తీరు చాలా బాగుంది, ముట్టుకోకు. దానికి ఒక్క సంగతి చేర్చు. ఆలయానికి వెయ్యేళ్లు నిండిన 1996లో దలైలామా అక్కడ కాలచక్రమనే బౌద్ధ తాంత్రిక దీక్ష ఇచ్చారు. 2006 జనవరిలో అదే దీక్ష మీ గుంటూరు పక్కనే, అమరావతిలో ఇచ్చారు. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనే, అంటే ఆ అమరావతిలోనే, అని టిబెటన్ల నమ్మకం. నమ్మకాన్ని నమ్మకంగానే రాయి, చరిత్ర అనకు. ఆ రోజుల్లో అమరావతి వీధుల్లో లామాల్ని చూసిందేమో నాయనమ్మని అడుగు. చూసి ఉంటే తాబో అధ్యాయం ఆవిడతోనే మొదలుపెట్టు.

అన్నీ ఒకేసారి తిరగరాయొద్దు. ముందు కిబ్బర్ వంటిల్లు రాసి పంపు. సంక్రాంతిలోగా అందితే పండగ వెళ్లేసరికి చదివి జవాబు రాస్తాను.

శుభాకాంక్షలతో,
మాస్టారు