ప్రాజెక్ట్ కొనే ముందు అమ్మాయిని లైబ్రరీకి పంపండి

ప్రశ్న: మా అమ్మాయి ఒక ప్రైవేట్ కాలేజీలో బీటెక్ సీఎస్ఈ ఫైనల్ ఇయర్. మిరప ఆకు ఫోటో చూసి తెగులు గుర్తుపట్టే ప్రాజెక్ట్ తీసుకుంది. గైడ్ గారు "ముందు ఓ పది మంచి రీసెర్చ్ పేపర్లు చదివి రా" అన్నారట. నెట్‌లో ఏ పేపర్ నొక్కినా డాలర్లు కట్టమంటోంది, పిల్ల టెన్షన్ పడుతోంది. అమీర్‌పేటలో పద్దెనిమిది వేలకు కోడ్, రిపోర్ట్, పీపీటీ అన్నీ కలిపి ఇస్తారని ఫ్రెండ్స్ చెప్పారు. కొనమంటారా? కొత్త ల్యాప్‌టాప్ కూడా కావాలంటోంది. – ఒక తండ్రి, తెనాలి

జవాబు: కొనకండి సార్. నీతి కోసం చెప్పడం లేదు, ఆ పద్దెనిమిది వేలకు మీకు వచ్చేది ఏమీ ఉండదు కాబట్టి చెబుతున్నాను. ఫ్రెషర్ రెజ్యూమెలో అడగడానికి ఉండేదే ప్రాజెక్ట్. ఇంటర్వ్యూలో కూర్చున్నాయన మొదట అడిగేది "ఈ ఫోటోలు ఎక్కడివి, ఎన్ని, ఎవరు తీశారు" అని. కొన్న ప్రాజెక్ట్‌కి దీనికి జవాబు ఉండదు, పిల్ల ముఖం చూస్తేనే వాళ్ళకు తెలిసిపోతుంది. పైగా అదే రిపోర్ట్ ఎన్ని కాలేజీల్లో ఎంతమందికి అమ్మారో ఎవరికి తెలుసు.

అలాగని మీ అమ్మాయి కష్టం ఉత్తిది కాదు. నాలుగేళ్ళలో మన పిల్లలు కాలేజీ లైబ్రరీకి వెళ్ళేది రెండే పనుల మీద, సెమిస్టర్ ముందు టెక్స్ట్‌బుక్ కోసం, చివర్లో నో డ్యూస్ సంతకం కోసం. పేపర్ ఎలా వెతకాలో ఎవరూ నేర్పరు, ఫైనల్ ఇయర్‌లో మాత్రం "చదివి రా" అంటారు. ఆ లైబ్రరీ మీద కాలేజీ ఎంత ఖర్చు పెడుతోందో కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే నాక్ వాళ్ళు వచ్చినప్పుడు ఫైళ్ళలో చూపిస్తారు, అది మీరు కట్టిన ఫీజే. వాడుకోమనండి.

అమ్మాయిని లైబ్రేరియన్ గారి దగ్గరికి పంపండి, కౌంటర్‌లో పుస్తకాలు స్టాంప్ వేసే అసిస్టెంట్ దగ్గరికి కాదు. టాపిక్ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళి మూడు విషయాలు అడగాలి: ఒకటి, మన కాలేజీకి ఏ ఆన్‌లైన్ జర్నల్స్ ఉన్నాయి, అందులో ఇంజినీరింగ్ పేపర్లు వేసే ఐ ట్రిపుల్ ఈ ఉందా; రెండు, ఇంటి నుంచి చూడటానికి లాగిన్ ఇస్తారా; మూడు, డెల్‌నెట్‌లో మన కాలేజీ ఉందా. లాగిన్ సంగతి ఎందుకంటే, ఈ జర్నల్స్ చాలా చోట్ల క్యాంపస్ నెట్ మీదే తెరుచుకుంటాయి, ఇంట్లో ఫోన్ డేటాతో అదే లింక్ నొక్కితే డాలర్లు అడుగుతుంది. కాలేజీ డబ్బు కట్టిన పేపర్‌నే ఇంట్లో చూసి అయ్యో అని ఊరుకున్న పిల్లలను చాలామందిని చూశాను. డెల్‌నెట్ అంటే 1988లో ఢిల్లీలో మొదలైన లైబ్రరీల నెట్‌వర్క్. మన లైబ్రరీలో లేని పుస్తకం వేరే సభ్య లైబ్రరీ నుంచి తెప్పిస్తారు, వ్యాసమైతే కాపీ పంపే ఏర్పాటు కూడా ఉంది. చాలా ఇంజినీరింగ్ కాలేజీలు సభ్యులే, అడిగే పిల్లలే తక్కువ.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని, జర్నల్స్‌కు కేంద్రమే డబ్బు కట్టే పథకం గురించి మీరు న్యూస్‌పేపర్లో చదివే ఉంటారు. 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ మూడేళ్ళకు 6,000 కోట్లు ఇచ్చింది, 30 మంది పబ్లిషర్ల దాదాపు 13,000 జర్నల్స్ అందులో ఉన్నాయి. కానీ అది మొదలైంది ప్రభుత్వ సంస్థలకు. మీది ప్రైవేట్ కాలేజీ, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. గవర్నమెంట్ కాలేజీలో చదివే కజిన్ లాగిన్ అడుక్కోవడం కూడా వద్దు, పట్టుబడితే పోయేది ఆ పిల్ల అకౌంట్.

ఇక డబ్బు కట్టకుండా దొరికేవి. పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో పేపర్ పేరు కొట్టినప్పుడు కుడిచేతి వైపు పీడీఎఫ్ అని ఉంటే అది ఊరికే చదవచ్చు. లేకపోతే కింద "ఆల్ వెర్షన్స్" నొక్కాలి, రచయిత తన యూనివర్సిటీ పేజీలోనో, పేపర్లు అందరికీ ఫ్రీగా పెట్టే ఆర్కైవ్ సైట్‌లోనో పెట్టిన కాపీ చాలాసార్లు దొరుకుతుంది. అన్‌పేవాల్ అని బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ఎక్స్‌టెన్షన్ ఉంది, చట్టబద్ధంగా ఫ్రీ కాపీ ఎక్కడైనా ఉంటే అదే చూపిస్తుంది. ఏదీ కుదరకపోతే రచయితకు నాలుగు లైన్ల మెయిల్ రాయమనండి, పంపేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకు అందులో పోయేదేమీ లేదు.

వెతకడంలో ఇంకో చిక్కుంది. మిరప అని ఇంగ్లీషులో కొట్టాలంటే ఒక స్పెల్లింగ్ కాదు. మనం రెండు ఎల్‌లు వేస్తాం, అమెరికావాళ్ళు ఒకటే వేస్తారు, కొందరు హాట్ పెప్పర్ అంటారు, అందరూ వాడే శాస్త్రీయ నామం కాప్సికం ఆన్యుమ్. నాలుగూ వెతకాలి. ఒక మంచి పేపర్ దొరికాక దాని కింద "సైటెడ్ బై" అని ఉంటుంది. అది నొక్కితే ఆ పేపర్‌ను వాడుకుని తర్వాత వచ్చినవన్నీ వరుసగా కనిపిస్తాయి. పది పేపర్ల పని అక్కడే సగం అయిపోతుంది.

అమ్మాయికి మొదటి పేపర్ నేనే చెబుతాను. ప్లాంట్ విలేజ్ అనే ఫోటోల సెట్ మీద మొహంతీ, హ్యూస్, సలాథే 2016లో రాసినది, ఎవరైనా ఊరికే చదవచ్చు. 54,306 ఆకు ఫోటోలు, 14 పంటలు, 26 తెగుళ్ళు, కచ్చితత్వం 99.35 శాతం. అమీర్‌పేట ప్రాజెక్టుల్లో ఈ 99నే పెద్ద అక్షరాలతో వేసి అమ్ముతారు. కానీ పేపర్ లోపలికి వెళ్ళి చదివితే అసలు సంగతి ఉంది. వేరే చోట, వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే అదే మోడల్, అంటే ఫోటోలు చూసి నేర్చుకున్న ఆ ప్రోగ్రామ్, 31 శాతం దగ్గరికి పడిపోయింది. పైగా ఆ సెట్‌లో ఉన్నది బెల్ పెప్పర్, మన గుంటూరు మిర్చి కాదు. ఈ రెండు విషయాలు తెలిసిన పిల్ల వైవాలో ఏం మాట్లాడుతుందో, తెలియని పిల్ల ఏం మాట్లాడుతుందో మీరే ఊహించుకోండి.

ఇక్కడే మీ ఊరు పనికొస్తుంది. మన రైతు ముడతను చూడగానే పై ముడతా కింది ముడతా అంటాడు. పై ముడత తామర పురుగు వల్ల, కింది ముడత తెల్లనల్లి వల్ల, ఇవి కాక తెల్లదోమ తెచ్చే వైరస్ ముడత వేరే. కంప్యూటర్ కుర్రాళ్ళు ఈ మూడింటినీ కలిపి "లీఫ్ కర్ల్" అని ఒకే డబ్బాలో పడేస్తుంటారు. వేటిని వేరు చేయాలో తెలియాలంటే వ్యవసాయ థీసిస్‌లు చూడాలి, అవి కృషికోశ్ అనే సైట్‌లో ఉంటాయి. మిగతా యూనివర్సిటీల పీహెచ్‌డీలు శోధ్‌గంగ అనే సైట్‌లో ఉంటాయి, దాన్ని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ నడుపుతుంది, ఊరికే చదవచ్చు. థీసిస్ మొత్తం చదవక్కర్లేదు, లిటరేచర్ రివ్యూ ఉన్న చాప్టర్ చాలు, ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని ఏరి పెట్టిన జాబితా అది. కాలేజీ నుంచి లెటర్ తీసుకుని బాపట్ల వ్యవసాయ కాలేజీ లైబ్రరీలోనో, గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనో అడిగి చూడమనండి. అక్కడి సైంటిస్ట్ ఒకరు వంద ఫోటోలు చూసి ఇది తామర పురుగు, ఇది నల్లి అని చెప్పినా చాలు, ఆ డేటా అమీర్‌పేటలో దొరకదు.

పేపర్లు పోగయ్యాక వాట్సాప్‌లో దాచుకోవద్దని చెప్పండి. జొటేరో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. బ్రౌజర్‌లో ఒక్క నొక్కుతో పేపర్ వివరాలన్నీ దాచుకుంటుంది, వర్డ్‌లో రిపోర్ట్ రాసేటప్పుడు ఐ ట్రిపుల్ ఈ పద్ధతిలో రిఫరెన్సులు అదే వరుసగా వేస్తుంది. నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. చివరి రాత్రి ముప్పై రిఫరెన్సులు చేత్తో టైప్ చేసే బాధ తప్పుతుంది.

చాట్‌జీపీటీ వాడొద్దు అనను, వాడతారు. అర్థం కాని పేరాను విడమరిచి చెప్పమనడానికి బాగానే పనికొస్తుంది. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగకూడదు. లేని పేపర్‌కు ఉన్న రచయితల పేర్లు తగిలించి నమ్మకంగా ఇస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి రిపోర్ట్‌లో పదిహేను రిఫరెన్సులు ఉంటే నాలుగు ఈ భూమ్మీదే లేవు, అది పట్టుకున్నది వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్. ప్రతి రిఫరెన్సుకు డీఓఐ నంబర్, అంటే పేపర్‌కు ఉండే శాశ్వత గుర్తింపు నంబర్, ఉందో లేదో చూసి, ఉంటే అది నొక్కి అదే పేపర్ తెరుచుకుంటోందా అని చూసుకోవాలి, లేకపోతే పేరును గూగుల్ స్కాలర్‌లో కొట్టి చూడాలి.

రిపోర్ట్ అయ్యాక కాపీ ఎంత ఉందో చూసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలోనే ఉంటుందేమో అడగాలి. 2018 యూజీసీ నిబంధనల్లో పది శాతం వరకూ పోలికకు శిక్ష లేదు. మీ కాలేజీ లెక్క వేరుగా ఉండొచ్చు, గైడ్‌ను అడిగి, సబ్మిషన్‌కు రెండు వారాల ముందే ఒకసారి చెక్ చేయించుకుంటే దిద్దుకోవడానికి టైం ఉంటుంది.

ల్యాప్‌టాప్ సంగతి. ఈ ప్రాజెక్ట్ కోసమైతే ఇప్పుడే వద్దు. ఫోటోల మీద మోడల్ నడిపే బరువు పని గూగుల్ కొలాబ్‌లో ఫ్రీగా చేసుకోవచ్చు, మన మెషీన్‌లో బ్రౌజర్ తెరుచుకుంటే చాలు. ఫ్రీ కాబట్టి ఆ బరువు లెక్కలు చేసే జీపీయూ చిప్ ఎప్పుడూ దొరుకుతుందని గ్యారంటీ లేదు, మధ్యలో ఆగిపోతుంది కూడా, అందుకని చేసింది చేసినట్టు గూగుల్ డ్రైవ్‌లో సేవ్ చేసుకోమనండి. ఒక నెల అలా నడిపి చూసి, నిజంగా చాలకపోతే అప్పుడు కొందురుగాని.