46 ఏళ్ల వయసులో మొదటి 10కె రన్: హన్మకొండ రోడ్ల మీద నా అనుభవం

పేరు ఇవ్వండి. మీ ప్రశ్నకు నా జవాబు అదే. మీకు 46 ఏళ్లు, హన్మకొండలోనే ఉంటారు, రోజూ పొద్దున నడిచే అలవాటుంది. ఈ చలికాలం మన దగ్గర జరిగే 10 కిలోమీటర్ల రన్‌లో పాల్గొనాలని ఉంది కానీ మోకాళ్లు పాడవుతాయేమో, అందరికంటే వెనక మిగిలిపోతానేమో అని జంకుతున్నానని రాశారు. నేను నలభై ఐదు దాటాకే పరుగు మొదలుపెట్టినవాణ్ని. ఇప్పుడు 51. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, చిన్నప్పుడు ఆటల జోలికి పోయిందీ లేదు. అందుకే మన వయసువాళ్లకు పనికొచ్చేవే రాస్తున్నాను. పాతికేళ్ల పిల్లల లెక్క వేరు.

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి, ట్రెడ్‌మిల్ టెస్ట్ అవసరమో కాదో వాళ్లే చూస్తారు. బీపీ మందు వేసుకునేవాళ్లు రేస్ రోజు పొద్దున అది వేసుకోవాలా వద్దా అని ముందే అడిగి పెట్టుకోవాలి. పరుగులో ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడే ఆగిపోవాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

మోకాళ్ల సంగతి. పరుగెత్తితే అరిగిపోతాయని మా బంధువుల్లో సగం మంది నాకు చెప్పారు. 2017లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో చూస్తే, సరదాగా ఆరోగ్యం కోసం పరుగెత్తేవాళ్లలో మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందికి ఉంటే, పరుగు జోలికి పోకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం మందికి ఉంది. పోటీల కోసమే బతికే క్రీడాకారుల్లో మాత్రం 13.3 శాతం. అంటే మనలాంటి వాళ్లకు భయం లేదు, అతి చేస్తేనే ముప్పు. మన వయసులో అసలు ఇబ్బంది పెట్టేవి పిక్కలు, మడమ వెనక నరం (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే పట్టీ, అకిలిస్ టెండన్). గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి, మడమ వెనక ఉండే ఆ గట్టి నరానికి మాత్రం నెలలు పడుతుంది. ఒంట్లో సత్తువ వచ్చిందని దూరం ఒక్కసారిగా పెంచితే దెబ్బ తగిలేది అక్కడే. మెట్టు అంచున ముందరి పాదాల మీద నిలబడి మడమలు మెల్లగా కిందికి దించడం, మళ్లీ లేపడం రోజూ చేయండి. నేను ఇప్పటికీ పళ్లు తోముకుంటూ అదే చేస్తాను.

ప్రాక్టీస్‌కి మన ఊరు మంచి ఊరు. కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్ లోపలి రోడ్లు, భద్రకాళి బండ్, వడ్డేపల్లి చెరువు కట్ట, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉన్నాయి. ఆ స్టేడియం ట్రాక్ మీదే 2021 సెప్టెంబర్‌లో 60వ నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చాక, పొద్దున్నే ఆడపిల్లల్ని గ్రౌండ్‌కి తీసుకొచ్చే తల్లిదండ్రులు ఎక్కువయ్యారని నాకనిపిస్తుంది. చూస్తుంటే కడుపు నిండుతుంది. అంతమంది మధ్య మనం షార్ట్స్ వేసుకుని పరుగెత్తితే వింతగా చూసేవాళ్లు కూడా ఇప్పుడు లేరు.

వారానికి మూడు రోజులు చాలు. మొదట్లో రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఆదివారం మాత్రం కొంచెం ఎక్కువ దూరం, మెల్లగా. రేస్‌కి రెండు వారాల ముందు ఒకసారి 8 కిలోమీటర్లు ఆగకుండా చేయగలిగితే 10 పూర్తవుతుంది, అనుమానం లేదు. వేగం ఎంత ఉండాలంటే, పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. 220లోంచి వయసు తీసేసి, గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో లెక్క చూసుకోమంటారు. మీకది 174 వస్తుంది, కానీ మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ తేడా ఉంటుంది. వాచీ కంటే మాటే నయం.

కుక్కల గురించి మీరు అడగలేదు కానీ మన గల్లీల్లో ఐదింటికి బయల్దేరేవాళ్లకి అదే పెద్ద టెన్షన్. గుంపు ఎదురైతే పరుగు ఆపేసి నడవండి, వాటి కళ్లలోకి చూడకండి, వీపు తిప్పకండి. అవి వెంటపడేది ఉరికేవాణ్నే. అవి ఉండే జాగా తెలిశాక రూట్ మార్చుకోవడం ఇంకా మంచిది.

ఇక రేస్. ముందు రోజు రాత్రి ఎవరింట్లో దావత్ ఉన్నా వెళ్లి కనపడి రండి, భోజనం మాత్రం ఇంటికొచ్చి చేయండి. మటన్, సర్వపిండి, పల్లీలు వేసిన పచ్చళ్లు ఇవన్నీ తెల్లారి కడుపులో బరువుగా ఉంటాయి. అన్నం, పలుచటి పప్పుచారు, పెరుగు చాలు. ఆరింటికి పరుగు మొదలైతే నాలుగున్నరకి రెండు ఇడ్లీలో ఒక అరటిపండో తినాలి. చాయ్ అలవాటుంటే మానకండి, లేకపోతే తలనొప్పి వస్తుంది. ఆ రోజు కొత్త బూట్లు, కొత్త సాక్సులు వద్దు. రిజిస్ట్రేషన్‌తో ఇచ్చిన టీషర్ట్ కూడా ఇంట్లోనే ఉంచండి, ముందు ఒకసారి వేసుకుని పరుగెత్తి చూసి ఉంటే తప్ప. తొడల మధ్య, చంకల్లో, ఛాతీ మీద వ్యాజలీన్ రాసుకోండి. కాలిగోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. నొప్పి రాకుండా ముందే ఒక పెయిన్‌కిల్లర్ వేసుకుంటే మంచిదని ఎవరైనా చెబితే వినకండి. చెమటతో ఒంట్లో నీళ్లు తగ్గే వేళ అవి కిడ్నీల మీద భారం వేస్తాయి.

నేను పాల్గొన్న రన్ స్టేడియం దగ్గర మొదలై, సుబేదారి, నిట్ ఇంజినీరింగ్ కాలేజీ మీదుగా ఫాతిమానగర్ వైపు వెళ్లి అదే దారిన వెనక్కి వచ్చేది. మన దగ్గర రేస్‌ల ప్రత్యేకత ఒకటుంది. బయల్దేరే గీత దగ్గర ముందు వరసలన్నీ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే పిల్లలవే. 2022 నోటిఫికేషన్ నుంచి మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. అంటే కిలోమీటరు నాలుగున్నర నిమిషాలకు కాస్త అటుఇటు. వాళ్ల కాళ్లకు తెలిసిన వేగం అదొక్కటే. విజిల్ పడగానే అదే వేగంతో దూసుకుపోతారు, ఆ ఊపు వెనకున్న అందరినీ లాగుతుంది. డప్పులు మోగుతుంటాయి, మైకులో అరుస్తుంటారు, ఒళ్లంతా ఉరకలేస్తుంది.

ఈ జవాబంతటిలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి: మొదటి మూడు కిలోమీటర్లు అది రేస్ కాదు. నాకు స్టేడియంలో పరిచయమైన ఒక పెద్దాయన ఈ మాట పదేపదే చెప్పి పంపించారు. గీత దాటగానే రోడ్డు మధ్యకి జరిగాను. అంచున రోడ్డు వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎత్తులో ఒక కాలు పల్లంలో పడి మోకాలు గుంజుతుంది. నా కంటే లావుగా ఉన్నవాళ్లు, చెప్పులేసుకున్న స్కూల్ పిల్లలు, సెల్ఫీ తీసుకుంటూ పోయేవాళ్లు, అందరూ దాటేసి పోయారు. నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చగలిగే వేగంలోనే ఉన్నాను. మన వయసులో శరీరం వేడెక్కడానికి కుర్రాళ్ల కంటే ఎక్కువసేపు పడుతుంది. మొదటి పది నిమిషాలు గుండె, ఊపిరి ఇంకా అందుకుంటూనే ఉంటాయి. అప్పుడే తొందరపెడితే కండరాలు ప్రాణవాయువు చాలకుండానే పని చేసి మంట పుట్టిస్తాయి, ఆ అలసట చివరిదాకా వదలదు.

నిట్ గేటు దాటాక దృశ్యం మారింది. ముందు దూసుకుపోయిన పిల్లల్లో చాలామంది నడుం మీద చెయ్యేసుకుని, పక్కటెముకల కింద పట్టుకుని నడుస్తున్నారు. ఒకబ్బాయి నేను పక్కకు రాగానే అడిగాడు, "అంకుల్, ఇంకెంత ఉంది?" అని. "ఇంకా సగం ఉంది తమ్మీ. నడువకు, మెల్లగ ఉరుకు, నా పక్కన రా" అన్నాను. వచ్చాడు. మాట్లాడుకుంటూ పోయాం. వాళ్లది నర్సంపేట దగ్గర ఒక ఊరు అట, ఇక్కడ రూం తీసుకుని ఉండి గ్రౌండ్‌కి వస్తాడట. ఇంత దూరం ఎప్పుడూ పోలేదు. చివరి రెండు కిలోమీటర్లలో ఊపిరి కుదుటపడ్డాక నన్ను వదిలి ముందుకు పోయాడు, పోతూ చెయ్యి ఊపాడు. నాకు ఆ రోజు మొత్తంలో ఎక్కువ సంతోషం ఇచ్చింది అదే.

నీళ్ల దగ్గర ఒక చిన్న కిటుకు. పేపర్ కప్పు అందుకోగానే పైన రెండు వేళ్లతో నొక్కి మూతి సన్నగా చేయండి, పరుగెత్తుతూ తాగినా ముక్కులోకి పోదు. రెండు మూడు గుక్కలు చాలు. ప్రతి స్టాల్ దగ్గరా కడుపు నిండా తాగితే ఒంట్లో ఉప్పు పలుచబడి అదో ప్రమాదం. ఆ చుట్టుపక్కల కింద తడి, కప్పులు, బాటిల్ మూతలు ఉంటాయి, చూసుకుని అడుగేయండి.

వెనక్కి తిరిగాక కుడి చెంప మీద ఎండ మొదలవుతుంది. చలికాలమైనా ఏడు దాటితే తెలుస్తుంది, ఒక టోపీ పెట్టుకోండి. ఏడో కిలోమీటరు బోర్డు చూశాక అప్పుడు వేగం పెంచాను. నా లెక్క చెబుతాను: మొదటి మూడు కిలోమీటర్లు ఒక్కోటి 7 నిమిషాల 10 సెకన్లు, మధ్య నాలుగు 6 నిమిషాల 50 సెకన్లు, చివరి మూడు 6 నిమిషాల 20 సెకన్లు. మొత్తం 67 నిమిషాల 50 సెకన్లు. దాటిపోయినవాళ్లలో చాలామంది మళ్లీ కనపడ్డారు, ఒక్కొక్కరినీ దాటుతుంటే అలసటే తెలియలేదు. సుబేదారిలో దుకాణాల ముందు నిలబడి చాయ్ తాగుతున్నవాళ్లు "సార్ కొట్టు సార్, దగ్గరకొచ్చినవ్" అని చప్పట్లు కొట్టారు. సొంత ఊళ్లో, రోజూ బండి మీద పోయే రోడ్డు మీద ఆ చప్పట్లు వినడం కోసమైనా మీరు పరుగెత్తాలని నా కోరిక.

వెనక మిగిలిపోవడం గురించి. నేను వచ్చాక అరగంట దాకా జనం వస్తూనే ఉన్నారు. అందులో అరవై దాటినవాళ్లు, చీర మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న అమ్మలు ఉన్నారు. ఎవరికీ చిన్నతనంగా అనిపించలేదు, అందరికీ అదే మెడల్. ఫౌజా సింగ్ గారు 89 ఏళ్ల వయసులో లండన్‌లో మొదటి మారథాన్ పూర్తి చేశారు, 2011లో నూరేళ్ల వయసులో టొరంటోలో ఇంకొకటి. 46 అంటే చాలా తొందరగానే మొదలుపెడుతున్నారు. నంబరు కాగితానికి టైం లెక్కపెట్టే చిప్ అతికించి ఉంటే మడవకుండా ఛాతీ మీదే పిన్నులతో పెట్టుకోండి. గీత మీది మ్యాట్ తొక్కినప్పటి నుంచే మీ టైం మొదలవుతుంది కాబట్టి వెనక వరసలో నిలబడినా నష్టం లేదు.

పూర్తయ్యాక వెంటనే కూలబడకండి, పది నిమిషాలు నడవండి. లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి మెల్లగా తాగి, గంటలోపు టిఫిన్ చేయండి. మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగేటప్పుడు తొడలు నొప్పెడతాయి, అది మామూలే. ఒక వారం నడకతో సరిపెట్టండి.

మెడల్ మెడలో ఉండగానే పక్కనున్నవాళ్లు వచ్చేసారి హాఫ్ మారథాన్‌కి పేరివ్వమంటారు, 21.1 కిలోమీటర్లు. అప్పుడే ఒప్పుకోకండి. ఫిబ్రవరి దాటితే మన దగ్గర ఎండలు ముదురుతాయి, మేలో 42, 43 డిగ్రీలు మామూలు, తెల్లారకముందే ఉక్కపోత. ఆ ఎండల్లో ఆదివారం 15, 16 కిలోమీటర్ల ప్రాక్టీస్ మన వయసుకు మంచిది కాదు. ఎండాకాలమంతా తక్కువ దూరాలతో నెట్టుకొచ్చి, వానలు పడ్డాక దూరం పెంచడం మొదలుపెడితే ఆ తర్వాతి చలికాలానికి హాఫ్‌కి సిద్ధంగా ఉంటారు.