డువార్స్‌కి ఐదు రోజులు: అమ్మానాన్నలతో, పాపతో వెళ్ళొచ్చా?

మార్చిలో ఐదు రోజులు సెలవు పెట్టి, అమ్మానాన్నలతోనూ ఎనిమిదేళ్ళ పాపతోనూ ఉత్తర బెంగాల్ డువార్స్ అడవులకి వెళ్దామనుకుంటున్నామని, జంతువులు నిజంగా కనిపిస్తాయా, అక్కడి మనుషుల జీవితం చూడటానికి ఏమైనా ఉందా అని అడిగారు. బ్యాంకు ఉద్యోగంలో బదిలీ అయి నేను రెండేళ్ళు సిలిగుడిలో ఉన్నానండి. ఆ రెండేళ్ళలో ఏడెనిమిది సార్లు డువార్స్ వెళ్ళాను. ఒకసారి మా అమ్మని రాజమండ్రి నుంచి రప్పించి మరీ తిప్పాను. తప్పకుండా వెళ్ళండి. కాకపోతే మీ ప్లానులో గోరుమారా, చప్రామారి, జల్దాపారా, బక్సా, భూటాన్ సరిహద్దు అన్నీ ఉన్నాయి. ఐదు రోజులకి ఇన్ని పెట్టుకుంటే మీకు మిగిలేది కారు కిటికీయే. గోరుమారా పక్కనున్న లాటాగుడిలో రెండు రాత్రులు, జల్దాపారా పక్కనున్న మాదారిహాట్‌లో రెండు రాత్రులు చాలు.

డువార్ అంటే మన ద్వారమే. భూటాన్ కొండల నుంచి మైదానంలోకి దిగే దారులు పద్దెనిమిది ఉండేవి, వాటి మూలంగానే ఆ పేరు. 1865లో సించులా ఒప్పందంతో బ్రిటిష్ వాళ్ళు ఈ నేలని భూటాన్ నుంచి తీసుకున్నారు. ఆ తర్వాత అడవి కొట్టి టీ తోటలు వేశారు. తోట పనికి ఛోటానాగ్‌పూర్ నుంచి, అంటే ఇప్పటి జార్ఖండ్ వైపు నుంచి, ఒరావ్, ముండా, సంతాల్ గిరిజన కుటుంబాలని తీసుకొచ్చారు. అందుకే అక్కడ అడవి ఒక పక్క, ఊరు ఒక పక్క అన్నట్టు ఉండదు. కొంత అడవి, తర్వాత తోట, తర్వాత ఊరు, ఓ నది, మళ్ళీ అడవి. ఏనుగులకి అదంతా ఒకటే దారి.

జంతువుల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. గోరుమారాలో నా మొదటి జీపు సఫారీలో నెమళ్ళు, రెండు దుప్పులు తప్ప ఏమీ కనపడలేదు. అది నవంబరు, గడ్డి మనిషి కంటే ఎత్తు. అదే చోటికి మార్చి మొదటి వారంలో వెళ్తే, గడ్డి కాల్చిన నేలలో లేత చిగుళ్ళు మేస్తూ అడవిదున్నల మంద, దాని వెనకాల ఖడ్గమృగం. కాబట్టి మీ నెల మంచిదే. సాయంత్రం ట్రిప్పుకి వాచ్‌టవర్ ఎక్కి మాట్లాడకుండా కూర్చోండి. ఎదురుగా అటవీశాఖ వాళ్ళు ఉప్పు పెడతారు, దానికోసం జంతువులే వస్తాయి. జాత్రాప్రసాద్ అని ఒక టవర్ ఉంది. అటవీశాఖలో పనిచేసిన ఒక ఏనుగు పేరది. పాపకి ముందే చెప్పండి, అక్కడికి వెళ్ళేదాకా దాని గురించే అడుగుతుంది.

ఖడ్గమృగం కోసమైతే జల్దాపారా. వేట వల్ల 1980ల మధ్యలో అక్కడ పద్నాలుగే మిగిలాయి. 2022 లెక్కకి 292 అయ్యాయి. మన దేశంలో కాజీరంగా తర్వాత ఎక్కువ ఉన్నది ఇక్కడే. ఏనుగు మీద సవారీకి ఖాయంగా టికెట్ తీసిస్తామని ఒక ఏజెంటు నా దగ్గర ముందే డబ్బు తీసుకున్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి గేటు దగ్గర చలిలో అమ్మని నిలబెట్టాక తెలిసింది, అసలు బుకింగే లేదని. ఆ సవారీ కోసం టెన్షన్ పడకండి, జీపులో కూడా మాకు మూడు ఖడ్గమృగాలు కనిపించాయి. టికెట్టు అటవీశాఖ పద్ధతిలోనే తీసుకోండి, మధ్యవాళ్ళకి డబ్బివ్వకండి. గోరుమారాకి గురువారం సెలవు. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఈ అడవులన్నీ మూసేస్తారు.

ఏనుగు గురించి ఒక మాట. అక్కడివాళ్ళు ఏనుగుని పేరు పెట్టి పిలవరు, మహాకాల్ బాబా అంటారు. లాటాగుడి దాటాక అడవి రోడ్డు మీద మహాకాల్ గుడి ఉంది. మా డ్రైవరు ప్రతిసారీ అక్కడ బండి ఆపి దణ్ణం పెట్టుకునేవాడు. రాత్రి ధాన్యం కోసం, ఇంట్లో బియ్యంతో పులియబెట్టుకున్న హండియా అనే కల్లు కోసం ఏనుగు వచ్చి గోడ పడగొట్టినా తెల్లారి ఆ మనుషులు తిట్టరు. నేను చూసిన ఒక ఇంట్లో పడిపోయిన మట్టిగోడ పక్కనే పూలు పెట్టి ఉన్నాయి. అదే అడవిలోంచి సిలిగుడి నుంచి అలీపుర్‌దువార్ వెళ్ళే రైలు మార్గం పోతుంది. 2010 సెప్టెంబరులో బనార్‌హాట్ దగ్గర గూడ్సు బండి కింద ఒక్క రాత్రే ఏడు ఏనుగులు చనిపోయాయి. ఆ దారిలో మీ రైలు నెమ్మదిగా పోతుంటే విసుక్కోవద్దని పాపకి చెప్పండి.

ఇక మనుషుల జీవితం. గోరుమారాలో సాయంత్రం సఫారీ అయ్యాక ఊరి ఆడవాళ్ళు నృత్యం చేస్తారు, చూడండి, బాగానే ఉంటుంది. కానీ నా మాట వింటే టీ తోటల దగ్గర జరిగే వారపు సంతకి ఒక పూట కేటాయించండి. దాన్ని హాట్ అంటారు. మీ హోమ్‌స్టే వాళ్ళని అడిగితే ఆ వారంలో ఎక్కడ ఏ రోజు ఉందో చెప్తారు. ఢేకీ శాక్ అని కొస వంకీ తిరిగిన లేత ఫెర్న్ ఆకు, ఎండుచేపలు, గాజులు, వెదురు బుట్టలు, మోమోలు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. మా అమ్మ అక్కడ వంకాయలు కుప్పలు పోస్తున్న ఒక ఒరావ్ ముసలమ్మ దగ్గర ఆగిపోయింది. ఆవిడ పక్కామెకి లెక్క చెప్తోంది: ఒంటా, ఎండ్, మూంద్, నాఖ్. అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఒరే, ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటోందిరా" అంది. ఒరావ్‌ల కుడుఖ్ భాష ద్రావిడ భాషే. కన్నుని వాళ్ళు ఖన్న్ అంటారు. పన్నుని పల్ల్ అంటారు. గోదావరి ఒడ్డున పుట్టిన మా అమ్మ, భూటాన్ కొండల కింద ఒక ముసలమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని, ఇద్దరూ వేళ్ళు చూపించుకుంటూ లెక్కపెట్టుకున్నారు. ఏడెనిమిది ప్రయాణాల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తున్నది ఆ పావుగంటే.

మాదారిహాట్ నుంచి ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో టోటోలనే గిరిజనుల ఊరు టోటోపాడా ఉంది. దారిలో నదుల ఇసుక మేటలు దాటాలి, వానాకాలం దారే ఉండదు, మార్చిలో జీపు పోతుంది. టోటోలు మొత్తం పదహారు వందల మంది దాకా ఉంటారు, ఆ జాతి ఉన్నది ఆ ఒక్క ఊళ్ళోనే. వాళ్ళ భాషకి ధనీరామ్ టోటో లిపి తయారు చేశారు, ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. రాగులు పులియబెట్టి ఈయూ అనే పానీయం చేసుకుంటారు. రాగులు మనకి తెలిసినవే కాబట్టి మాట కలపడానికి అదొక దారి. స్థానికుడు ఎవరైనా వెంట ఉంటేనే వెళ్ళండి. ఇళ్ళలోకి తొంగిచూసి ఫోటోలు తీసేవాళ్ళని చూశాను, మనసు చివుక్కుమంది. ముందు కూర్చుని మాట్లాడి, అడిగి, సరేనంటే తీయండి.

బక్సా అడవిలోని కోటకి సంతలాబాడీ అనే ఊరి నుంచి కొండ ఎక్కాలి. 1930ల్లో స్వాతంత్ర్య సమరయోధుల్ని బంధించిన కోట అది. 1959 తర్వాత టిబెట్ నుంచి వచ్చిన భిక్షువులు అందులోనే ఉండి చదువుకున్నారు. ఇప్పుడు శిథిలం. నాకు చాలా ఇష్టమైన చోటు, కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కాదు.

విమానమైతే బాగ్‌డోగ్రా, అక్కడి నుంచి లాటాగుడి కారులో రెండు గంటలు. రైలైతే విజయవాడ, విశాఖ మీదుగా వెళ్ళే వివేక్ ఎక్స్‌ప్రెస్‌లో న్యూ జల్పాయిగుడి దిగొచ్చు. పెద్దవాళ్ళకి అంత దూరం రైలు కష్టమే. తెల్లవారుజాము సఫారీకి స్వెట్టర్లు, ఆకుపచ్చ, బూడిద రంగు బట్టలు, దోమల మందు పెట్టుకోండి. సెంటు పూసుకోవద్దు.

మీ నాన్నగారు మెట్లు బాగా ఎక్కగలరా, మీ తేదీల్లో గురువారం పడుతోందా, ఈ రెండూ రాయండి. బక్సా ఉంచాలో తీసేయాలో, ఏ రాత్రి ఎక్కడ ఉండాలో వరస వేసి చెప్తాను.